మామ చేతికి సరిపోయే ఫిషింగ్ రాడ్: 54 రోజుల పని

మా మామకి కుడి భుజం పట్టేసి ఏడాది దాటింది. వెంకటగిరిలో గుంట మగ్గం మీద నలభై ఏళ్ళు నేసిన చెయ్యి అది. మోచేతి కింద అంతా బాగానే ఆడుతుంది. వేళ్ళయితే తెగిన పోగుని ఇప్పటికీ కళ్ళు మూసుకుని అతుకుతాయి. చెయ్యి భుజం ఎత్తుకి లేపాలంటేనే ప్రాణం పోతుంది. నాకు ఆరేళ్ళప్పుడు వెదురు కర్రకి గాలం కట్టి, వానపామును గుచ్చడం నేర్పింది ఆయనే. 2019లో నేను కొనిచ్చిన ఫైబర్ రాడ్ కిందటి సంక్రాంతి నుంచి అటక మీదే ఉంది. ఎందుకు మామా అంటే, "బరువురా అల్లుడా. ముందుకి లాగేస్తా ఉండాది" అన్నాడు. ఆ మాట దగ్గరే ఈ పని మొదలైంది.

అటక మీది రాడ్ దించి వంటింటి కాటాలో పెట్టాను. 265 గ్రాములు. వినడానికి ఏమీ లేదు. కానీ ఆ బరువంతా కొస వైపు ఉంది, పట్టుకునే చోట వెనక పిడి పొట్టిగా ఉంది. అందువల్ల మొత్తం భారం మణికట్టు మీదా, అక్కడి నుంచి భుజం మీదా పడుతోంది. ఆయనకి కావలసింది తేలికపాటి రాడ్, వెనక పిడి మోచేతి కింద ఆనేంత పొడవు. అప్పుడు ముంజెయ్యే బరువు మోస్తుంది. తిరుపతిలో రెండు షాపుల్లో అడిగాను. ఉన్నవన్నీ ఒకే తీరు. ఇక నేనే కట్టాలని నిశ్చయించుకున్నాను. అంతకుముందు నేను కట్టిన రాడ్ ఒక్కటీ లేదు.

2024 అక్టోబరు 20, ఆదివారం, శ్రీకాళహస్తి మీదుగా బస్సులో వెంకటగిరి వెళ్ళి కొలతలు తీసుకున్నాను. దర్జీ టేపుతో అరచేతి మధ్య నుంచి మోచెయ్యి దాకా కొలిస్తే 31 సెంటీమీటర్లు. పిడి ఎంత లావుండాలో అడిగితే మామకి చెప్పడం రాలేదు. ఇంట్లో ఉన్న చపాతీ కర్ర, టార్చి, గొడుగు పిడి, మగ్గం నాడె ఒక్కొక్కటే చేతిలో పెట్టి చూశాను. టార్చి పట్టుకున్నప్పుడు వేళ్ళు వదులుగా, హాయిగా మూసుకున్నాయి. దాని లావు 28 మిల్లీమీటర్లు. మొత్తం పనిలో నేను చేసిన తెలివైన పని ఇదేనని ఇప్పుడు అనిపిస్తుంది. ముందు చేతిని కొలవాలి, రాడ్ సంగతి తర్వాత.

22న బ్లాంక్ ఆర్డర్ పెట్టాను. బ్లాంక్ అంటే పిడి, గైడ్లు (గాలం దారం దూరి వెళ్ళే రింగులు) ఏమీ లేని ఉత్త కార్బన్ కడ్డీ. ఆరున్నర అడుగుల పొడవు, రెండు ముక్కలది, మీడియం పవర్, అంటే మరీ మెత్తగా, మరీ బిగువుగా కాకుండా వంగేది. ఒకే ముక్కగా ఉన్నదైతే ఇంకా బాగుంటుంది గానీ అంత పొడవైన పార్సిల్ కొరియర్ వాళ్ళు సరిగ్గా తీసుకోరు, బస్సులోనూ పట్టదు. ఐదు రోజుల్లో వస్తుందన్నారు. ఎనిమిది రోజులు పట్టింది. 30వ తేదీ రాత్రి, దీపావళికి ముందురోజు, చేతికొచ్చింది.

పార్సిల్ విప్పుతున్నప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో సరదాగా వీడియో తీసింది. అదే నన్ను కాపాడింది. స్పిరిట్ దూదితో కడ్డీ తుడుస్తుంటే కొస నుంచి జానెడు దూరంలో దూది పోగు ఒకటి చిక్కుకుంది. భూతద్దం పెట్టి చూస్తే వెంట్రుక మందాన గీత. మెల్లగా వంచితే 'టిక్' మని చప్పుడు. దారిలో ఎక్కడో దెబ్బ తగిలింది. ఆ చప్పుడు విన్న క్షణంలో గుండె జారిపోయింది. వీడియో పంపితే అమ్మినవాళ్ళు మార్చి ఇస్తామన్నారు, వెనక్కి పంపే ఖర్చు మాత్రం నాదే. నవంబరు 1న పంపితే కొత్తది 13న వచ్చింది. పన్నెండు రోజులు. మీరు బ్లాంక్ తెప్పించుకుంటే తప్పకుండా వీడియో తీస్తూనే విప్పండి. గీత కంటికి కనబడదు, దూదికి తగులుతుంది.

ఆ మధ్యలో రెండో శనివారం, 9న, మద్రాసు వెళ్ళాను. పుత్తూరు, నగరి మీదుగా బస్సు. ప్యారిస్ కార్నర్ సందుల్లో వలలు, తాళ్ళు, గాలాలు అమ్మే షాపులున్నాయి. గైడ్లు, రీలు బిగించే రీల్ సీటు, కార్క్ పిడులు, గైడ్లని కడ్డీకి కట్టే నైలాన్ దారం, ఆ దారం మీద పూసే ఎపాక్సీ జిగురు అన్నీ నాలుగు షాపులు తిరిగితే దొరికాయి. గైడ్లు ఫ్యూజీ కంపెనీవి తీసుకున్నాను. ఖరీదెక్కువే. కానీ వాటి లోపలి పింగాణీ రింగు నున్నగా ఉంటుంది, గాలం దారం తెగదు. కొస వైపు పెట్టేవి చిన్నవీ తేలికవీ కావాలని పట్టుబట్టాను. కొసన ఒక్క గ్రాము పెరిగినా అది చేతిలో చాలా బరువుగా తెలుస్తుంది. మామ అన్న 'ముందుకి లాగేస్తా ఉండాది'కి అసలు కారణం అదే.

నవంబరు 14 రాత్రి మొదటి పని, బ్లాంక్ వెన్ను పట్టుకోవడం. కార్బన్ గుడ్డను చుట్టి చేస్తారు కాబట్టి ఒక పక్క కాస్త బిగువుగా ఉంటుంది. మొదలు నేల మీద ఆనించి, కొసని ఎడమ అరచేతిలో వదులుగా పట్టుకుని, కుడిచేత్తో నడుమ నొక్కుతూ దొర్లిస్తే కడ్డీ ఒకచోట తనంతట తానే గిరుక్కున తిరిగి ఆగుతుంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అక్కడే ఆగింది. గైడ్లు ఆ వరసలో కట్టడానికి తెల్ల పెన్సిల్‌తో గీత పెట్టాను. ప్రాణం లేని కడ్డీ చేతిలో అలా తిరగడం చూస్తే ఒళ్ళు జలదరించింది. రెండు ముక్కలకీ విడివిడిగా చూసుకోవాలి. వెన్ను చూడకుండా, కంటికి కడ్డీ ఎటువైపు తిన్నగా కనిపిస్తే అటే గైడ్లు కట్టేవాళ్ళూ ఉన్నారు.

16, 17 తేదీలు, శని, ఆదివారాలు, పిడి పని. కార్క్ పిడి రంధ్రం చిన్నదిగా వస్తుంది. బ్లాంక్ మొదలు లావు, పైకి పోయేకొద్దీ సన్నం. కాబట్టి రంధ్రాన్ని కూడా అదే వాటంలో అరగదియ్యాలి. ఒక పుల్లకి గరుకు కాగితం చుట్టి, తిప్పుతూ, ఊదుతూ మూడు గంటలు పట్టింది. ఇల్లంతా కార్క్ పొడి. రీల్ సీటు లోపలి రంధ్రం బ్లాంక్ కన్నా చాలా వెడల్పు. ఆ ఖాళీలో మాస్కింగ్ టేపును మూడుచోట్ల రింగుల్లా చుట్టి, మధ్యలో జిగురు నిండేలా వదలాలి.

ఇక్కడ తప్పు చేశాను. వెనక పిడికి నిదానంగా గట్టిపడే ఎపాక్సీ వాడాను, బాగానే కుదిరింది. రీల్ సీటుకి మాత్రం తొందరలో ఐదు నిమిషాల్లో బిగిసే రకం కలిపాను. టేపు మీదుగా సీటు ఎక్కిస్తుండగానే జిగురు చిక్కబడిపోయింది. వెన్ను గీతకీ సీటుకీ నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చి అక్కడే బిగుసుకుంది. తిప్పితే కదలదు, లాగితే కార్క్ చిట్లుతుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే ప్రశాంతంగా ఆలోచిస్తే దారి కనబడింది. గైడ్లను వెన్ను గీతకి కాకుండా రీల్ సీటుకి సూటిగా కట్టుకోవాలి. రీలూ గైడ్లూ ఒకే వరసలో ఉండటం ముఖ్యం. నాలుగు మిల్లీమీటర్ల వెన్ను తేడా విసిరేటప్పుడు తెలియదు. ఇప్పటిదాకా తెలియలేదు కూడా.

18న మామ తిరుపతి వచ్చాడు. భుజానికి ఫిజియోథెరపీ, రెండు వారాలు మా ఇంట్లోనే. రాడ్ సంగతి నేను అంతవరకూ చెప్పలేదు. కొలతలు ఎందుకని అప్పుడు అడిగితే ఏదో చెప్పి దాటేశాను. పని బల్ల మీద కార్క్ పిడి చూసి, ఎడమచేత్తో తీసుకుని, కుడిచేతిలోకి మార్చుకుని, మోచేతి కింద ఆనించుకున్నాడు. అలాగే చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత, "దీనికి కన్నులు ఏయిరా?" అన్నాడు. మామ గైడ్లని కన్నులనే అంటాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం అదే మాట అంటున్నాం.

ఆ సాయంత్రమే కన్నులు ఎక్కడెక్కడ రావాలో చూశాం. మొదటి కన్ను పెద్దది, రింగు 25 సైజు. తర్వాత 16, 10, ఆ పైన నాలుగు చిన్నవి, చివర కొస కన్ను. కట్టకముందు వాటిని కడ్డీ మీద తాత్కాలికంగా నిలపాలి. టేపు వేస్తే జరపడం కష్టం. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు కోసి రబ్బరు రింగుల్లా ఎక్కించాను. కోరుకున్నట్టు జరుగుతాయి, వదిలిన చోట నిలుస్తాయి. పిడిని కిటికీ ఊచలకి కట్టి, కన్నుల గుండా దారం పోనిచ్చి, చివర అరలీటరు నీళ్ళ సీసా వేలాడదీశాం. కడ్డీ వంగిన వంపునే దారం కూడా పోవాలి. రెండు కన్నుల మధ్య ఎక్కడైనా దారం వంపును వదిలి అడ్డంగా సూటిగా పోతోందంటే అక్కడ కన్ను దూరమైందని. మామ కింద కూర్చుని ఒక కన్ను మూసి చూస్తూ, "నాలుగోది ఇంకో వేలెడు కిందికి" అంటూ జరిపించాడు. అరగంటలో కుదిరింది. ఆ చోట్లు సెంటీమీటర్లలో రాసిపెట్టుకున్నాను.

కన్నుకి కడ్డీ మీద ఆనే పాదం ఉంటుంది, దారం చుట్టి కట్టేది దాన్నే. ఆ పాదం చివర చిన్న మెట్టులా ఉంటుంది. దాన్ని సన్నని ఆకురాయితో ఏటవాలుగా అరగదియ్యకపోతే దారం కడ్డీ మీంచి పాదం మీదకి ఎక్కేటప్పుడు అక్కడ సందు పడుతుంది. నేను మొదటి దానికి ఇది సరిగ్గా చెయ్యలేదు, మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

19 నుంచి 23 దాకా రోజూ రాత్రి ఏడున్నర నుంచి పది వరకూ దారం కట్టడమే. ఈ ఐదు రాత్రుల కోసమే ఇదంతా రాస్తున్నానేమో. అట్టపెట్టె రెండు వైపులా వి ఆకారంలో కోసి, ఆ గాడిలో రాడ్ పెట్టి తిప్పేవాణ్ణి. దారం రీలు ఒక స్టీలు గ్లాసులో, దారం ఒక లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి. పుస్తకం మీద ఎంత బరువు పెడితే దారం అంత బిగువు. వీడియోల్లో చూసింది ఇదే. మొదట దారాన్ని దాని తోక మీదే ఐదారు చుట్లు వేసి బిగించాలి, తోక కోసెయ్యాలి, పోగు పక్కన పోగు సందు లేకుండా చుట్టుకుంటూ కన్ను పాదం ఎక్కాలి. ఇంకో ఎనిమిది చుట్లు ఉందనగా విడిగా ఒక దారం ఉచ్చు లోపల పెట్టి, దాని మీద చుట్టి, చివర దారాన్ని ఉచ్చులో దూర్చి లాగితే అది చుట్ల కిందకి పోయి దాక్కుంటుంది. చెప్పడానికి నాలుగు వాక్యాలు. మొదటి కన్ను మొదటి పాదానికి నాకు రెండుంబావు గంటలు పట్టింది. నాలుగుసార్లు విప్పాను. మెడ పట్టేసింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

మామ పక్కన కూర్చుని మొదటి రోజు ఒక్క మాటా అనలేదు. రెండో రోజు, "పుస్తకం తియ్యి" అన్నాడు. దారాన్ని తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాడు. "బిగువు పుస్తకానికేం తెలుసు? పాదం ఎక్కేటప్పుడు వదలాల, ఎక్కినాక పట్టాల." పడుగు అతికేవాడు పోగుని చూసే చూపు వేరు. ఆయన పట్టుకుంటే నేను రాడ్ తిప్పాను. పోగులు ఒకదాని పక్కన ఒకటి తమంతట తామే వచ్చి పడుకున్నట్టు పడ్డాయి. చెంచా వెనక వైపుతో ఒక్కసారి ఒత్తితే చాలు, నున్నటి పట్టీలా తయారైంది. ఆ పాదానికి ఇరవై నిమిషాలు. భుజం ఎత్తనక్కరలేదు, చెయ్యి బల్ల మీదే ఉంటుంది. ఏడాదిగా 'నా చెయ్యి పోయింది' అంటూ వచ్చిన మనిషి ఆ రాత్రి పది దాటినా లేవలేదు. నేనే లేపి పడుకోబెట్టాను.

మిగతావి ఇద్దరం కలిసి కట్టాం. పెద్ద కన్నులు రెండింటికీ రెండేసి పాదాలు, మిగతా ఐదింటికీ ఒక్కొక్కటి. కొస కన్నుని, వేడి చేస్తే కరిగే జిగురుతో అతికించి, దాని కింద చిన్న కట్టు వేశాం. రెండు ముక్కలు కలిసే చోట, ఒకటి ఇంకొకదానిలోకి దూరే మూతికి కూడా కట్టు తప్పనిసరి. లేకపోతే విసిరే జోరుకి అక్కడ చీలుతుంది. 23న చివరి రాత్రి మామ తన చొక్కా జేబులోంచి చిన్న కండె తీశాడు. జరీ. వెంకటగిరి నుంచి వస్తూ ఏదో పనికొస్తుందని పెట్టుకున్నాడట. పిడి పైన, దారం కట్టు చివర జరీ పోగు ఆరు చుట్లు వేశాం. జరీ నైలాన్‌లా సాగదు, బిగిస్తే పై రేకు చిట్లి లోపలి దారం బయటపడుతుంది. అది వేసేటప్పుడు నన్ను ముట్టుకోనివ్వలేదు.

దారం రంగు గురించి ఒక మాట చెప్పాలి. మామకి చిలకపచ్చ ఇష్టమని అదే కొన్నాను. ఎపాక్సీ పడగానే మామూలు నైలాన్ దారం తడిసిన గుడ్డలా ముదురుతుంది, పారదర్శకమవుతుంది, కింద నల్ల కడ్డీ కనిపిస్తుంది. చిలకపచ్చ కాస్తా చెరువు నాచు రంగైంది. రంగు నిలవాలంటే ఎపాక్సీకి ముందు పూసే ద్రవం వేరే ఉంటుంది, లేదా ముందే దాంతో తయారైన దారం కొనాలి. ఇది నాకు షాపులో ఎవరూ చెప్పలేదు. పాత పుల్ల మీద నాలుగు చుట్లు వేసి, పూసి, ఆరబెట్టి చూసి ఉంటే తెలిసేది.

24, ఆదివారం, మొదటి పూత. రాడ్‌ను నిదానంగా తిప్పే మోటారు కావాలి, లేకపోతే ఎపాక్సీ ఒకవైపు జారి బొట్లు కడుతుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో గాజు పళ్ళెం తిప్పే మోటారు ఎలక్ట్రికల్ షాపులో 260 రూపాయలకి దొరికింది. నిమిషానికి ఐదారు చుట్లు. స్విచ్ వేసిన ప్రతిసారీ ఎటువైపు తిరుగుతుందో దానిష్టం. అయినా పనికి అడ్డం లేదు. ఎపాక్సీ రెండు సీసాలు సరిసమానంగా కలపాలి, ఒక చుక్క తేడా వచ్చినా ఎన్ని రోజులైనా జిగటగానే ఉంటుంది. అందుకని మందుల షాపులో రెండు సిరంజీలు కొని మూడేసి మిల్లీలీటర్లు తీశాను. నాలుగు నిమిషాలు బుడగలు రాకుండా మెల్లగా కలిపి, అల్యూమినియం రేకు మీద పోసి పరిచాను. గిన్నెలోనే ఉంచితే వేడెక్కి తొందరగా గట్టిపడుతుంది. కుంచెతో పూసి, స్పిరిట్ దీపం మంటను కింద నుంచి ఒక్క క్షణం చూపిస్తే బుడగలు పగిలిపోతాయి.

గంట తర్వాత చూస్తే మూడు కట్ల మీద ఎపాక్సీ నిలవడం లేదు. నూనె పూసిన పళ్ళెంలో నీటిబొట్టు చుట్టూ ఖాళీ ఏర్పడినట్టు గుండ్రని గుంటలు. ఎంత పూసినా అక్కడి నుంచి పక్కకి పోతోంది. చేతి జిడ్డేమో అనుకున్నాను. రెండు రోజులు వెతికితే కారణం దొరికింది. మందుల షాపు సిరంజీలో రబ్బరు జారడానికి సిలికాన్ నూనె రాస్తారు. అది ఎపాక్సీలో కలిసింది. రబ్బరు లేని, మొత్తం ప్లాస్టిక్‌తో చేసిన సిరంజీలే వాడాలి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే నాకు వారం మిగిలేది.

సన్నటి గరుకు కాగితంతో దారానికి తగలకుండా మెల్లగా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, రెండో పూతకి సిద్ధం చేశాను. మామ డిసెంబరు 1న వెళ్ళిపోతాడు. ఆయన ఉండగానే పూర్తవ్వాలని నా ఆత్రం. అందుకే నవంబరు 30 సాయంత్రం పెట్టుకున్నాను. ఆ రోజు ఫెంగల్ తుఫాను. పుదుచ్చేరి దగ్గర తీరం దాటుతుందని టీవీలో చెబుతూనే ఉన్నారు, ఇక్కడ పొద్దుటి నుంచీ ముసురు. చలికి ఎపాక్సీ తేనెలా చిక్కబడితే సీసాలు వేడినీళ్ళలో పెట్టి పలచబరిచాను. ఆరున్నరకి పూత అయింది. ఒక్క గుంట కూడా లేదు, అద్దంలా మెరిసింది. ఏడుంబావుకి కరెంటు పోయింది.

మోటారు ఆగిపోయింది. ఎపాక్సీ అప్పటికి ఇంకా పారే స్థితిలోనే ఉంది. ఐదు నిమిషాలు వదిలేస్తే కట్ల కింద బొట్లు వేలాడతాయి. మోటారు నుంచి రాడ్ విప్పి, అట్టపెట్టె గాడుల్లో పెట్టి చేత్తో తిప్పడం మొదలుపెట్టాను. ఫోన్ టార్చి వెలుగులో నిదానంగా, ఆగకుండా. అరగంటకి చెయ్యి వణికింది. మా ఆవిడ అందుకుంది. తర్వాత అమ్మాయి. దాని తర్వాత మామ, "నాకియ్యండి" అని కుర్చీ లాక్కుని ఎడమచేత్తో కాదు, కుడిచేత్తోనే తిప్పాడు. రాట్నం తిప్పినట్టు తిప్పాడు. బయట వాన హోరు, లోపల ఎవరం మాట్లాడలేదు. టార్చి వెలుగుకి దీపపు పురుగులు చేరాయి. అట్ట ముక్కతో విసురుతూనే ఉన్నాం, అయినా ఒకటి మూడో కన్ను కట్టు మీద వాలి అతుక్కుంది. తియ్యబోతే పూత చెడిపోతుందని వదిలేశాను. కరెంటు పదింబావుకి వచ్చింది. మూడు గంటలు. అప్పటికి ఎపాక్సీ కదలడం మానేసింది.

పొద్దున చూస్తే ఒక్క బొట్టు లేదు. మూడో కన్ను దగ్గర రెండు చిన్న రెక్కలు మాత్రం అద్దం కింద పెట్టినట్టు ఉన్నాయి. మామ దాన్ని గోరుతో తడిమి, "ఉండనీరా" అన్నాడు.

డిసెంబరు 8న పలచగా మూడో పూత వేశాను. పైకి ఆరడానికి ఒక రోజు, లోపల పూర్తిగా గట్టిపడటానికి వారం వదిలాను. ఈ వారంలో దారం వేసి వంచి చూడాలన్న కోరికని ఆపుకోవడం అన్నిటికన్నా కష్టమైంది. 15న కాటాలో పెట్టాను. 131 గ్రాములు. పాతదాంట్లో సగం. ఆర్డర్ పెట్టిన నాటి నుంచి 54 రోజులు.

ఖర్చు దాచకుండా చెబుతాను. బ్లాంక్ 4,350, గైడ్లు కొస కన్నుతో కలిపి 2,280, రీల్ సీటు 840, కార్క్ పిడులు 690, దారం 360, పూత ఎపాక్సీ 980, పిడి జిగురు 210, మోటారు 260, కొరియర్ 420, టేపులు, కుంచెలు, గరుకు కాగితాలు, స్పిరిట్, సిరంజీలు 530, బస్సులో తీసుకెళ్ళడానికి మూతలున్న పీవీసీ గొట్టం 140. మొత్తం 11,060 రూపాయలు, మద్రాసు ప్రయాణం కాకుండా. డబ్బు మిగుల్చుకోవాలని ఈ పనికి దిగకండి. ఇందులో నాలుగో వంతుకి షాపులో మంచి రాడ్డే వస్తుంది. మీ చేతికో, మీవాళ్ళ చేతికో షాపు రాడ్ సరిపోనప్పుడు మాత్రం దిగండి.

2025 జనవరి 19, ఆదివారం, సంక్రాంతి వెళ్ళిన ఐదో రోజు, వెంకటగిరికి దగ్గరలోని ఊరి చెరువుకి వెళ్ళాం. చెరువు మత్స్యకారుల సొసైటీ వాళ్ళ చేతిలో ఉంది. ముందురోజే అడిగి, గట్టు దగ్గర కూర్చుని పట్టుకుంటామంటే సరేనన్నారు. మామ వానపాము గుచ్చి, బెండు సరిచేసి, పిడిని మోచేతి కింద ఆనించాడు. భుజం కదల్లేదు. మణికట్టుతో ఒక్క విసురు. బెండు నేననుకున్నదానికంటే దూరంగా వెళ్ళి పడింది. ఆయన నా వైపు చూడలేదు, బెండు వైపే చూస్తున్నాడు. గంటలో నాలుగు జిలేబి చేపలు, అరచెయ్యంతవి. తొమ్మిదిన్నరకి బెండు ఒక్కసారిగా మునిగింది. రాడ్ వంగిన వంపు కిటికీ ఊచలకి కట్టి చూసిన వంపే. ముప్పావు కేజీ కొర్రమీను. లాగుతున్నంతసేపూ నా కళ్ళు చేప మీద లేవు, నేను నాలుగుసార్లు విప్పి కట్టిన మొదటి కన్ను మీద ఉన్నాయి.

రాడ్ ఇప్పుడు వెంకటగిరిలో మగ్గం గుంట పక్కన గోడకి రెండు మేకుల మీద ఉంది. ఫిబ్రవరి చివర్లో మామ ఫోన్ చేశాడు. ఎండలో గట్టు మీద పెడితే కొస కన్ను కొద్దిగా పక్కకి తిరిగిందట. కరిగే జిగురు కదా, కొంచెం వేడి చూపించి సరిచెయ్యమన్నాను. ఎక్కువ వేడి తగిలితే కార్బన్ పాడవుతుందని రెండుసార్లు చెప్పాను. "కొవ్వొత్తి దూరంగా పెట్టినాలే. మైనం మాదిరి మెత్తబడింది, నిలబెట్టినా. కింద కట్టు కొంచెం లేచింది, అది కూడా మళ్ళా చుట్టినా" అన్నాడు. ఏ దారంతో చుట్టావు మామా అంటే, జరీతో అన్నాడు.